పాకం కుదరని తీపి: పంచదార ప్రత్యామ్నాయాల అసలు లెక్క

తెలుగువారి వాడుకలో ‘షుగర్’ అన్న మాటకు రెండర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి పంచదార, రెండోది మధుమేహం. ‘ఆయనకు షుగరుంది’ అంటే ఇక వివరణ అక్కర్లేదు. ఈ రెండో అర్థం ఎంతగా నాటుకుపోయిందంటే, మిఠాయి దుకాణంలో ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన పెట్టె కనిపించగానే అందులో పంచదార లేదన్న సంగతి కన్నా, షుగరున్నవాళ్లు నిశ్చింతగా తినవచ్చన్న భరోసాయే ముందు మనసుకు తడుతుంది. పండుగపూట పెద్దవాళ్లను చూడబోయేవారు ఆ పెట్టె కొనేది ప్రేమతోనే. అయితే పెట్టె మీది మాట మహా అయితే మొదటి అర్థానికి పూచీ పడుతుంది, రెండో అర్థానికి పడదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో, మరో 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. అంతమంది ఉన్న చోట ఈ రెండర్థాల మధ్య దూరం చిన్న విషయం కాదు.

పంచదారకు బదులు ఏది వాడాలని అడిగే ముందు, మిఠాయిలో పంచదార ఏం చేస్తుందో చూడాలి. అరిసెల పాకం పట్టేవాళ్లు బెల్లం కరిగి బుడగలు చిక్కబడే వేళకు గరిటెతో కొంచెం తీసి చన్నీళ్ల గిన్నెలో వేసి చూస్తారు. నీళ్లలో చెదిరిపోతే ఇంకా లేతపాకం. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండగా నిలిస్తే పాకం వచ్చినట్టు, తడి బియ్యప్పిండి పోయవచ్చు. గట్టిపడి గిన్నెకు తగిలి టంగుమంటే ముదిరినట్టు. ఆ ఉండపాకం దశలో వేడి 115 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి, పాకం అంత వేడెక్కిందంటే అందులో నీరు చాలావరకు ఎగిరిపోయి సుమారు 85 శాతం చక్కెరే మిగిలిందన్నమాట. పిండిని పట్టి ఉంచేదీ, అరిసెకు మందాన్నీ మెత్తదనాన్నీ ఇచ్చేదీ, నూనెలో వేగుతున్నప్పుడు ఆ ఎర్రదనం తెచ్చేదీ, డబ్బాలో వారాల తరబడి బూజు పట్టకుండా కాపాడేదీ ఆ చక్కెరే. ఉన్న కొద్దిపాటి నీటినీ చక్కెర తన దగ్గర కట్టి ఉంచుతుంది గనుక సూక్ష్మజీవులకు అది అందదు.

అంటే తీపి, ఒళ్లు (మిఠాయికి ముద్దా మందమూ ఇచ్చే గుణం), నిల్వ అనే మూడు పనులు పంచదార ఒంటిచేత్తో చేస్తోంది. బజారులో దొరికే ప్రత్యామ్నాయాల్లో చాలావాటికి చేతనైనది మొదటి పని ఒక్కటే. అరకిలో బెల్లం ఇచ్చేంత తీపికి సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పొడి ఒక్క గ్రాము కూడా అక్కర్లేదు. కానీ ఆ గ్రాము పొడిని నీళ్లలో వేసి ఎంతసేపు మరిగించినా నీళ్లు తియ్యగా ఉంటాయి తప్ప తీగ సాగదు, ఉండ కట్టదు. మిగిలిన రెండు పనులూ చేయడానికి ఇంకేదో రావలసిందే. ఆ ఇంకేదో ఏమిటన్నదే ఈ వ్యవహారంలో కీలకం, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండిపోయేది కూడా అదే.

గాఢమైన తీపి గల ఈ రసాయనాలు దాదాపు అన్నీ పొరపాటున నాలుకకు తగిలి బయటపడ్డవే. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఐరా రెమ్సెన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్, తారు నుంచి తీసిన పదార్థాలతో పని ముగించుకుని భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. చేతులకు అంటి ఉన్న ఆ పదార్థమే శాక్రిన్. పంచదార కన్నా 300 రెట్ల తీపి, వెనకే నాలుక మీద చేదు. 1965లో జేమ్స్ ష్లాటర్‌కు ఆస్పర్టేమ్, 1967లో కార్ల్ క్లాస్‌కు ఎసిసల్ఫేమ్ పొటాషియం ఇలాగే దొరికాయి. రెండూ పంచదారకు సుమారు 200 రెట్లు. సుక్రలోజ్ కథలో మనవాడొకరున్నారు. 1976లో లండన్ క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో పరిశోధిస్తున్న శశికాంత్ ఫడ్నిస్, ఒక పదార్థాన్ని ‘టెస్ట్’ చేయమంటే ‘టేస్ట్’ చేయమన్నారనుకుని నాలుకపై వేసుకున్నారని చెబుతారు. పంచదార అణువులోనే మూడు చోట్ల క్లోరిన్‌ను కూర్చగా వచ్చిన ఆ పదార్థం 600 రెట్లు తియ్యగా తేలింది.

వంటింటి దృష్టితో చూస్తే వీటిలో ముఖ్యమైన తేడా తీపిలో లేదు, వేడిలో ఉంది. ఆస్పర్టేమ్ రెండు అమైనో ఆమ్లాల కూర్పు. పొయ్యి మీద మరిగితే విడిపోయి తీపి పోతుంది. అందుకే అది చల్లని పానీయాలకు పనికొస్తుంది గాని పాయసంలో వేస్తే దించిన తరవాతే వేయాలి. శాక్రిన్, ఎసిసల్ఫేమ్ వేడికి తట్టుకుంటాయి. సుక్రలోజ్ మరిగే నీటి వేడికి నిలుస్తుంది. 120 డిగ్రీలు దాటితే మాత్రం హానికర క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడే వీలుందని, కాబట్టి వండిన తరవాతే కలపడం మేలని జర్మనీ ప్రభుత్వపు ప్రమాద అంచనా సంస్థ 2019లో సూచించింది. సేమియా పాయసానికి దీనితో ఇబ్బంది లేదు. ఓవెన్‌లో కాల్చే కేకుల విషయంలో మాత్రం ఆలోచించవలసిందే.

మొక్క నుంచి వచ్చింది కదా అని స్టీవియా వైపు మొగ్గేవారు ఎక్కువయ్యారు. తెలుగులో మధుపత్రి అంటున్న ఈ మొక్క పరాగ్వే ప్రాంతానిది. అక్కడి గ్వారనీ ప్రజలు దాని ఆకులను ఎంతో కాలంగా తీపికి వాడుతూ వచ్చారు. ఆకులోని తీపి పదార్థాలను శుద్ధి చేసి తీసిన పొడికి మన ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2015లో అనుమతి ఇచ్చింది. అనుమతి ఆ శుద్ధి చేసిన పొడికి, అది కూడా శాక్రిన్‌లాగే కర్మాగారంలోనే తయారవుతుంది. మొక్క నుంచి వచ్చినందువల్ల దానికి ప్రత్యేక రక్షణేమీ అబ్బదు. నాలుకపై చివరికి మిగిలే ఆ ఘాటు రుచి తెలుగు ఇళ్లకు కొత్త కాదు. దగ్గుకు నమలమని ఇచ్చే అతిమధురం వేరు రుచి దాదాపు అలాంటిదే. అతిమధురం కూడా పంచదారను మించిన తీపి గలదే, కానీ రోజూ ఎక్కువగా తింటే రక్తపోటు పెంచి ఒంట్లో పొటాషియంను తగ్గిస్తుంది. మొక్కదైనంత మాత్రాన మోతాదు మరిచిపోకూడదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు.

ఇక ‘ఇంకేదో’ సంగతి. గ్రాములో పదోవంతు పొడిని ఇంటి చెంచాతో కొలవడం ఎవరివల్లా కాదు. అందుకే చెంచా పంచదారకు చెంచా పొడి అన్న కొలతకు తెచ్చేందుకు తయారీదారులు మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ లాంటి పొడులను కలుపుతారు. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండిపదార్థాన్ని ముక్కలు చేసి తీసింది. గ్రాముకు 4 కేలరీలతో పంచదారకు సమానం, రక్తంలోకి ఎక్కే వేగంలో పంచదారను మించినది. టీలో వేసుకునే ఒక్క సాచెట్‌లో అది గ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. అదే పొడిని కప్పులకు కప్పులు కొలిచి హల్వాలో వేసినప్పుడు లెక్క మారిపోతుంది.

మిఠాయి దుకాణాలకు ఇంకో దారి ఉంది. మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి చక్కెర ఆల్కహాళ్లన్న జాతివి. పేరులో ఆల్కహాల్ ఉన్నా వీటికి మత్తుతో సంబంధం లేదు. ఇవి రెట్ల లెక్కన తియ్యనైనవి కావు. మాల్టిటాల్ తీపి పంచదారలో 90 శాతం, సార్బిటాల్‌ది 60 శాతం. గాఢ తీపి పొడులకు లేని గుణం వీటికుంది: ఒళ్లుంటుంది, మాల్టిటాల్‌తో పాకం కూడా కుదురుతుంది. పంచదార లేదని చెప్పే చాక్లెట్లూ మిఠాయిలూ మామూలు వాటిలాగే నోట్లో కరుగుతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే. కానీ మాల్టిటాల్‌లో గ్రాముకు 2 కేలరీలకు పైనే ఉంటాయి. రక్తంలో గ్లూకోజ్‌ను పంచదార పెంచే దానిలో సుమారు సగం మేర అదీ పెంచుతుంది. పేగుల్లో పూర్తిగా అరగని భాగం పెద్దపేగుకు చేరి గ్యాసునూ విరేచనాలనూ తెస్తుంది. పాలియాల్స్ (ఈ చక్కెర ఆల్కహాళ్లకే మరో పేరు) 10 శాతం దాటిన ఉత్పత్తులపై విరేచనకారి కావచ్చన్న హెచ్చరిక ముద్రించాలని మన నిబంధన చెబుతున్నది ఇందుకే. ఎరిత్రిటాల్‌ది వేరే తీరు. దానిలో గ్రాముకు 0.2 కేలరీలే, చాలా భాగం మూత్రంలో బయటకు పోతుంది. కానీ చల్లారితే మళ్లీ పలుకు కట్టి, నోట్లో పుదీనా బిళ్ల పెట్టుకున్నట్టు చల్లగా తగులుతుంది. కోవా మిఠాయికి ఆ చల్లదనం అస్సలు నప్పదు.

ఏ మిఠాయి ప్రత్యామ్నాయాన్ని ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు అన్నది కూడా ఈ ఒంటి లెక్క మీదే ఆధారపడి ఉంది. తాపేశ్వరం కాజా పొరలు నిండేది పాకంతో. పాకం తీసేస్తే మిగిలేది వేయించిన మైదా. బొబ్బట్ల పూర్ణం ముద్ద కట్టేది బెల్లంతో. ఆత్రేయపురం పూతరేకులో మాత్రం రేకే నిర్మాణం, పైన చల్లే తీపి పొడి దాన్ని మోయదు; అందుకే ఆ మిఠాయి ప్రత్యామ్నాయానికి సులువుగా లొంగుతుంది. పాయసం, టీ, మజ్జిగలాంటి లస్సీ కూడా అంతే, అక్కడ పాలో పెరుగో ఒళ్లు ఇస్తాయి.

సున్నుండల లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వేయించి విసిరిన మినప్పిండి 100 గ్రాములు, పంచదార పొడి 100 గ్రాములు, నెయ్యి 60 గ్రాములు అనుకుంటే, పిండి నుంచి సుమారు 340, పంచదార నుంచి 400, నెయ్యి నుంచి 540, మొత్తం 1,280 కేలరీలు, 260 గ్రాముల ముద్ద. పంచదార తీసేసి చిటికెడు సుక్రలోజ్ వేస్తే 880 కేలరీలే, చూడటానికి మంచి ఆదా. కానీ ముద్ద బరువు కూడా 160 గ్రాములకు పడిపోయింది. అంటే మామూలు సున్నుండలో 100 గ్రాములకు 490 కేలరీలుంటే, పంచదార లేని సున్నుండలో 550. ఉండలు అదే సైజులో చుట్టి, షుగర్ ఫ్రీ కదా అని రెండు తింటే బరువు తగ్గే మాట అటుంచి పెరగడమే ఖాయం. రక్తంలో గ్లూకోజ్ ఎక్కడం మాత్రం నిజంగానే బాగా తగ్గుతుంది, మినుముల్లోని పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి. మధుమేహానికి ఒక లాభం, ఊబకాయానికి ఒక నష్టం ఒకే ఉండలో ఉన్నాయి. చాలామంది రోగులకు ఈ రెండూ కలిసే ఉంటాయన్నది మరవకూడదు. జీడిపప్పు బర్ఫీ, డ్రైఫ్రూట్ లడ్డూ వంటివాటిలోనూ లెక్క ఇలాగే నడుస్తుంది.

దీనికి భిన్నంగా, పంచదార మానేసి బెల్లానికీ తేనెకూ మారినవారు సహజమైన దారి పట్టామని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నొప్పించవలసి వచ్చినా నిజం చెప్పక తప్పదు. అనకాపల్లి మార్కెట్‌కు వచ్చే బెల్లం దిమ్మయినా, తాటిబెల్లమైనా అందులో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారే. 100 గ్రాములకు కేలరీలు 350 నుంచి 380. బెల్లంలో ఇనుముందన్న మాట అబద్ధం కాదు, కానీ 100 గ్రాములకు అది 5 మిల్లీగ్రాముల లోపే. రోజూ 20 గ్రాముల బెల్లం తిన్న స్త్రీకి మిల్లీగ్రాము కూడా అందదు; ఐసీఎంఆర్ ఆమెకు రోజుకు సూచించినది 29 మిల్లీగ్రాములు. తేనెలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ విడివిడిగా ఉంటాయి, కొంత నీరు ఉంటుంది, తేడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టాలన్న చక్కెరల జాబితాలో తేనె పేరుతో సహా ఉంది. ఖర్జూరానికి పీచు ఉన్నందువల్ల కొంత మెరుగు, అయినా ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. బెల్లం రుచికీ వాసనకూ సాటి లేదు. సంక్రాంతి అరిసె బెల్లంతోనే ఉండాలి. దాన్ని ఇష్టంతో తినడం ఒకటి, షుగరున్నవారికి మందులా పెట్టడం మరొకటి.

భద్రత విషయానికి వస్తే భయం ఎంత ఉందో అశ్రద్ధ కూడా అంతే ఉంది. శాక్రిన్ ఎలుకల్లో మూత్రాశయ కణితులు తెచ్చిందని 1977లో అమెరికా నిషేధానికి సిద్ధమైంది. అది ఎలుకల శరీరానికే పరిమితమైన ప్రక్రియ అని తేలాక 2000లో హెచ్చరిక ముద్రనూ తీసేసింది. శాక్రిన్‌కు మన దగ్గర చెడ్డపేరు వేరే దారిన కూడా వచ్చింది: చౌక కావడంతో, తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో మత్తు పదార్థాల పక్కనే దాని పేరూ వినిపిస్తూ ఉంటుంది. ఆస్పర్టేమ్‌ను 2023 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బీ వర్గంలో చేర్చింది. అదే రోజు ఆహార సంకలితాల అంతర్జాతీయ నిపుణుల సంఘం, ఒంటి బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మార్చనవసరం లేదంది. ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. మొదటిది హాని చేసే అవకాశం ఉందా అని అడుగుతుంది, రెండోది ఎంత తింటే అని అడుగుతుంది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే ఒక్క రోజులో 9 నుంచి 14 డైట్ పానీయం డబ్బాలు తాగాలి. అయితే ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యులోపం ఉన్నవారికి ఆస్పర్టేమ్ ఏ కొంచెమైనా తగదు.

ఇంతకన్నా ఆలోచింపజేసేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో వెలువరించిన మార్గదర్శకం. బరువు అదుపు కోసం పంచదార రహిత తీపి పదార్థాలను వాడవద్దని అది సూచించింది. కొద్ది నెలల పరీక్షల్లో వీటితో బరువు కాస్త తగ్గినట్టు కనబడినా, ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఆ లాభం నిలవలేదు. పైగా టైప్-2 మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అప్పటికే లావెక్కినవారే వీటి వైపు మళ్లడం వల్ల కూడా అలా కనిపించవచ్చు గనుక, సూచనను షరతులతో కూడినదిగానే ఉంచారు. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదనీ, మాల్టిటాల్ వంటివాటిని లెక్కలోకి తీసుకోలేదనీ అందులోనే ఉంది. వార్తల్లో ఈ రెండు ముక్కలూ చాలాచోట్ల జారిపోయాయి. వీటికి తోడు, ఆరోగ్యవంతులకు రెండు వారాల పాటు ఇచ్చిచూస్తే శాక్రిన్, సుక్రలోజ్ పేగుల్లోని సూక్ష్మజీవులను మార్చి గ్లూకోజ్ అదుపును కొంత చెడగొట్టాయని 2022లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపారు. ఎరిత్రిటాల్‌కూ రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఉండవచ్చని 2023లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఇవేవీ చివరి తీర్పులు కావు. కానీ రోజూ, ఎంతైనా, ఎవరైనా తినవచ్చన్న ధీమాను ఇవి నిలవనివ్వవు.

దుకాణంలో నిలబడి ఉన్న కొనుగోలుదారుకు ఇందులో తెలిసేది ఎంత? మన నిబంధనల ప్రకారం ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము మించకూడదు, ఆ చక్కెరల్లో పాలలోని లాక్టోజ్ కూడా భాగమే. కోవాలో సుమారు ఐదోవంతు లాక్టోజ్ ఉంటుంది. కాబట్టి కోవాతో చేసిన మిఠాయి దేనికైనా ఆ మాట తగిలించడం దాదాపు అసాధ్యం. ‘పంచదార కలపలేదు’ అనడమే నిజాయితీ. 2011 నాటి నిబంధనల పట్టిక హల్వా, పేడా, గులాబ్‌జామూన్, రసగుల్లా వంటి వాటిలో కిలోకు 750 మిల్లీగ్రాముల వరకు సుక్రలోజ్‌ను అనుమతించింది. 600 రెట్ల లెక్కన అది కిలో మిఠాయిలో 450 గ్రాముల పంచదారకు సమానమైన తీపి, అంటే మామూలు మిఠాయి తీపికి సరిపోయేంత. కృత్రిమ తీపి ఉన్న పొట్లాలపై ఆ పేరూ, పిల్లలకు తగదన్న మాటా ముద్రించాలి. ఇవన్నీ సీలు వేసిన పెట్టెలకు. అద్దాల అరలో పళ్లేల్లో పేర్చి తూచి ఇచ్చే మిఠాయిలకు 2020 అక్టోబరు నుంచి ఏ తేదీలోగా తినాలో రాసిపెట్టడం తప్పనిసరి అయింది గాని, అందులో మాల్టిటాల్ ఎంత, నెయ్యి ఎంత అన్నది రాయనక్కర్లేదు. షుగరున్నవారికి కావలసిందేమో ఆ సంగతే. తేదీ రాసిన అట్టముక్క పక్కనే ఇంకో రెండు పంక్తులు పట్టే చోటుంది. పిండిపదార్థం ఎంతో, కేలరీలు ఎన్నో అక్కడ రాయమనడం దుకాణాలకు మోయలేని భారం కాదు.

ప్రత్యామ్నాయం అస్సలు పనికిరాని సందర్భం ఒకటుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారికి భోజనం ఆలస్యమైతే గ్లూకోజ్ పడిపోయి చెమటలు, వణుకు, తడబాటు మొదలవుతాయి. ఆ క్షణంలో షుగర్ ఫ్రీ మిఠాయి నోట్లో పెడితే నాలుకకు తీపి తెలుస్తుంది తప్ప రక్తానికి కావలసినంత గ్లూకోజ్ వెంటనే అందదు. డైట్ పానీయమూ అంతే. నెయ్యి దండిగా ఉన్న మామూలు మిఠాయి కూడా ఆలస్యంగానే అరుగుతుంది. స్పృహలో ఉండి మింగగలిగితే అప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార, అంటే మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి వెంటనే. పదిహేను నిమిషాలాగి మళ్లీ పరీక్ష. ఇంకా తక్కువే ఉంటే మరోసారి అంతే మోతాదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో షుగరుందని పంచదార డబ్బాను పూర్తిగా తీసేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో మందుల డబ్బా పక్కన చిన్న సీసాడు పంచదార ఉండాలి, దాని మీద ఎంత కలపాలో రాసిన చీటీ అంటించి ఉండాలి.